అరవై ఆరేళ్ల ఒంటికి బలం పని: 24 వారాల ప్రాజెక్టు డైరీ

పని వివరం

వయసు 66. ఎత్తు 168 సెం.మీ., బరువు 71 కిలోలు, నడుము చుట్టుకొలత 96 సెం.మీ. రోజూ 40 నిమిషాలు నడిచే అలవాటు ఉంది. బరువులు ఎత్తడం మాత్రం ఇదే మొదలు. బీపీకి బీటా బ్లాకర్, ప్రొస్టేటుకు టామ్సులోసిన్ వాడుతున్నారు. మెట్లు దిగేటప్పుడు ఎడమ మోకాలు పట్టేస్తుంది. డైరీలో ఆయన్ని పెద్దాయన అనే రాస్తున్నాం.

రోజూ నడుస్తున్న మనిషికి ఇదంతా ఎందుకు అన్నది మొదట వచ్చే ప్రశ్న. నడక గుండెకు మంచిదే. కానీ నడకలో తొడల మీద పడే భారం వాటికి ఎప్పుడో అలవాటైపోయింది, అలవాటైన భారానికి కండ పెరగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో 65 దాటినవారికి మూడు వేర్వేరు పనులున్నాయి: వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, కనీసం రెండు రోజులు కండబలం పెంచే పని, మూడు రోజులు బ్యాలెన్స్ సాధన. పెద్దాయన ఖాతాలో మొదటిది నిండుగా ఉంది, మిగతా రెండూ సున్నా.

ఈ వయసులో కండ పెరుగుతుందా అన్న అనుమానం 1990లోనే తీరింది. అమెరికా వైద్య పత్రిక జామాలో ఆ ఏడాది అచ్చయిన ప్రయోగంలో తొంభై ఏళ్లవాళ్లు 8 వారాలు బరువులతో కాళ్లకు పని చెబితే బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. మొదట ఉన్న బలమే బాగా తక్కువ, పైగా తొలి వారాల్లో పెరిగేది చాలావరకు కండ కాదు, ఉన్న కండను నరాలు వాడుకునే తీరు. కానీ ఇక్కడే ఒక చిక్కు ఉంది. బలం వారాల్లో వస్తుంది, కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఈ వయసులో పనులు చెడేది ఎక్కువగా ఆ తేడాలోనే. అందుకే ప్రణాళికలో బరువు పెంచే తేదీలకంటే, పెంచకూడని తేదీలే ముందు రాసుకున్నాం.

వారం 0: కొలతలు

డాక్టరు అనుమతి తీసుకున్నాకే మొదలు. ఛాతీలో నొప్పి లేదా బిగుతు, చిన్న పనికే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, గజ్జల్లో ఉబ్బు (హెర్నియా), ఈ మధ్యే కంటికి లేదా పొట్టకు ఆపరేషన్ అయి ఉండటం: వీటిలో ఏది ఉన్నా ముందు దాని సంగతి తేలాలి. పని మధ్యలో ఛాతీ, దవడ, ఎడమ చేయి బరువెక్కినట్టుంటే ఆ పూటకు ఆపేసి ఊరుకోవడం చాలదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

కుర్చీ పరీక్ష ఇలా చేశాం. కూర్చునే ఎత్తు 43 సెం.మీ., చేతుల్లేని గట్టి కుర్చీ, దాని వీపు గోడకు ఆనించి పెట్టాలి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో పూర్తిగా ఎన్నిసార్లు లేచారో లెక్క. పెద్దాయన 11. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ పట్టికలో 65–69 ఏళ్ల మగవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే సగటుకు కిందే. అయిదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టింది 13.2 సెకన్లు. ఆసియా సార్కోపీనియా (వయసుతో కండ, బలం తరిగిపోవడం) వర్కింగ్ గ్రూప్ 2019 లెక్క ప్రకారం 12 సెకన్లు, ఆ పైన అయితే హెచ్చరిక.

చేతి పట్టు కుడి 29 కిలోలు. అదే లెక్కలో మగవాళ్లకు గీత 28 దగ్గర ఉంది, అంటే ఒడ్డున నిలబడి ఉన్నారు. ఆరు మీటర్ల నడక 5.6 సెకన్లు. ఒంటికాలి మీద నిలబడటం కుడి 14 సెకన్లు, ఎడమ 6.

ఈ కొలతలు చెడేది చిన్న విషయాల్లో. మెత్తటి కుర్చీ వాడితే అంకె తగ్గుతుంది, 48 సెం.మీ. కుర్చీ అయితే పెరుగుతుంది. మోకాలిమీద చెయ్యి ఆనించి లేచినా లెక్కించేస్తారు. పట్టు పరికరాన్ని ఒకసారి మోచేయి మడిచి, ఇంకోసారి చాచి పట్టుకుంటే 2, 3 కిలోల తేడా దానంతటదే వస్తుంది. 24 వారాల తర్వాత పోల్చాలంటే అదే కుర్చీ, అవే చెప్పులు, రోజులో అదే వేళ ఉండాలి. కుర్చీ కాలికి టేపు అంటించి పెట్టుకున్నాం, ఇంట్లో ఇంకోటి దాని చోటులోకి రాకుండా.

బీపీ రెండు భంగిమల్లో చూశాం: అయిదు నిమిషాలు పడుకున్నాక 138/82, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు 124/78. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడితే కూర్చుని లేచే పనులు చాలా జాగ్రత్తగా మొదలుపెట్టాల్సి వచ్చేది. టామ్సులోసిన్ రక్తనాళాలను కూడా కొంత వదులు చేస్తుంది, ఈ కొలత తప్పించుకోవడానికి వీల్లేదు.

సామాను

కుర్చీ. 10, 15, 20 సెం.మీ. ఎత్తున్న మూడు పీటలు, కదలకుండా అడుగున రబ్బరు అంటించినవి. ఒక సాగే రబ్బరు బ్యాండ్. రెండు బాటిళ్లు, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు. వీపు సంచి. ఒక కర్ర.

డంబెల్స్ వద్దనలేదు, కానీ క్యాన్లకు రెండు సుగుణాలున్నాయి. లీటరు నీళ్లంటే కిలో, కాబట్టి అర కిలో చొప్పున పెంచుకోవచ్చు. డంబెల్ జత మార్చితే ఒక్కసారిగా రెండేసి కిలోలు పడుతుంది, ముసలి భుజానికి ఆ గెంతు పెద్దది. రెండోది, క్యాను పిడి నేలకు చాలా ఎత్తులో ఉంటుంది, నడుం పూర్తిగా వంచకుండా ఎత్తవచ్చు. లోపం: సగం నిండిన క్యానులో నీళ్లు అటూ ఇటూ ఊగి మనిషిని లాగుతాయి. మొదట్లో ఇది బెడద, తర్వాత బ్యాలెన్స్ సాధనకు పనికొచ్చింది. పిడి సన్నగా ఉంటే వేళ్లు కోస్తాయి, దానికి గుడ్డ చుట్టాలి. ఖాళీ క్యాను బరువు ఒక కిలో, అది కలిపే రాశాం.

పుస్తకంలో ప్రతి పనికీ అయిదు గళ్లు: బరువు, ఎన్ని సార్లు, ఎన్ని దఫాలు, మిగులు, మర్నాటి నొప్పి. "మిగులు" అంటే ఆపిన చోట ఇంకెన్ని చేయగలిగి ఉండేవారో ఆ అంకె. మర్నాటి నొప్పికి 0 నుంచి 10. ఈ రెండు గళ్లే మిగతా మూడింటికి యజమానులు.

వారం 1, 2

సోమ, గురువారాలు పని. మిగతా రోజుల్లో నడక, పది నిమిషాల బ్యాలెన్స్.

మొదట ఆరు నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం: నెమ్మదిగా నడక, చీలమండలు తిప్పడం, గోడ మీద చేతులు జార్చడం. ఆపైన:

కుర్చీలోంచి లేవడం, మీద ఒక దిండు వేసి, 8 సార్లు చొప్పున 2 దఫాలు. దిగడానికి మూడు లెక్కలు, లేవడానికి ఒకటి.
టేబులు అంచు మీద దండీలు, 8 చొప్పున 2. పాదాలు జారకుండా చెప్పులు తప్పనిసరి.
తలుపు గొళ్లానికి కట్టిన బ్యాండ్ లాగడం, 10 చొప్పున 2.
10 సెం.మీ. పీట ఎక్కి దిగడం, కాలికి 6 చొప్పున 2.
నడుం వంగకుండా తుంటి దగ్గర మడవడం, వీపు మీద కర్ర పెట్టి: తల, వీపు మధ్య, నడుం కింది భాగం మూడూ కర్రకు తగులుతూనే ఉండాలి. 8 చొప్పున 2. బరువు లేదు.
మడమలు లేపడం, 10 చొప్పున 2.
రెండు క్యాన్లలో నాలుగేసి లీటర్లు, అంటే చేతికి 5 కిలోలు, పట్టుకుని 20 మీటర్ల నడక, 3 సార్లు.

మిగులు ఎప్పుడూ 3 కంటే తక్కువ ఉండకూడదు అని పెట్టాం. దఫాకూ దఫాకూ మధ్య 90 సెకన్లు. మొత్తం 40 నిమిషాలు. పెద్దాయన మొదటిరోజు "ఇంతేనా" అన్నారు. అదే సరైన మోతాదు.

బీటా బ్లాకర్ వాడేవాళ్లకు గుండె వేగం చూసి శ్రమ కొలవడం కుదరదు, మందు ఆ వేగాన్ని తొక్కి పెడుతుంది. మాట పరీక్షే గతి: వాక్యం పూర్తిగా చెప్పగలగాలి, పాట పాడలేకపోవాలి.

ఊపిరి సంగతి మొదటిరోజే సరిచేయాలి. మగవాళ్లకు బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కే అలవాటు పుట్టుకతో వచ్చినట్టుంటుంది. ఆ క్షణంలో బీపీ ఒక్కసారిగా పైకెళ్లి, ఊపిరి వదలగానే కింద పడుతుంది. ఆ పతనంలోనే కళ్లు తిరుగుతాయి. హెర్నియా ఉంటే అది కూడా ఇంకా ఉబ్బుతుంది. లేచేటప్పుడు అంకె బయటికి లెక్కపెట్టమన్నాం. లెక్కపెడుతూ ఎవరూ ఊపిరి బిగబట్టలేరు.

వారం 3: మోకాలు

గురువారం పీటను 15 సెం.మీ.కు మార్చాం. శుక్రవారం ఎడమ మోకాటి చిప్ప కింద నొప్పి 5. శనివారం మెట్లు దిగడం కష్టమైంది. తప్పు మాదే, వారం తొందరపడ్డాం.

ఎక్కేటప్పుడు బాగానే ఉంది, చెడిందల్లా దిగే వైపు. పీట ఎత్తయితే చివరి 5 సెం.మీ. కాలు ఆపలేక దబ్బున కింద పడుతుంది. ఆ దెబ్బ అంతా చిప్ప కింది టెండన్ భరిస్తుంది. తొడ కండ ఈ రెండు వారాల్లో ఎక్కే బలం తెచ్చుకుంది, దిగేటప్పుడు ఆపే బలం ఇంకా రాలేదు.

పరిష్కారానికి విశ్రాంతి పెట్టలేదు. పూర్తిగా ఆపితే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు కొంచెమే (దాదాపు 60 డిగ్రీలు) మడిచి, 30 సెకన్లు కదలకుండా నిలబడటం, 4 సార్లు, రోజు విడిచి రోజు. పీట మళ్లీ 10 సెం.మీ.కే, దిగడానికి నాలుగు లెక్కలు. పాటించిన హద్దు: పని చేసేటప్పుడు నొప్పి 3 దాటకూడదు, మర్నాడు ఉదయానికి ముందున్న స్థాయికి రావాలి. రాలేదంటే నిన్నటి మోతాదు ఎక్కువ. పదకొండో రోజుకి మర్నాటి నొప్పి 1.

ఇంకో చిన్న విషయం బయటపడింది. పెద్దాయన లేచేటప్పుడు ఎడమ మోకాలు లోపలికి వంగుతోంది. తొడల చుట్టూ బ్యాండ్ కట్టి, దాన్ని బయటికి నెడుతూ లేవమంటే సర్దుకుంది. మాటల్లో ఎంత చెప్పినా రానిది ఆ బ్యాండ్ ఒక్క పూటలో నేర్పింది.

వారం 4–6

కుర్చీ మీది దిండు తీసేశాం. 12 సార్లు చొప్పున 3 దఫాలు, మిగులు 3 ఉండగా వరుసగా రెండు పూటలు వస్తేనే బరువు. ఇదే పెంచే నియమం: ఒక్క మంచి పూట చూసి పెంచకూడదు. నాలుగో వారం చివర ఛాతీకి హత్తుకుని 4 కిలోల సంచి. ఆరో వారానికి 6. బరువు పెరిగిన రోజు సార్లు 8కి దిగుతాయి, మళ్లీ 12 దాకా ఎక్కాలి.

క్యాన్లు నేలమీంచి ఎత్తడం మొదలు: చేతికి 7 కిలోలు. క్యాన్లు చీలమండల పక్కన, పాదాల ముందు కాదు. ముందు పెడితే బరువు వేలాడి నడుం పని చేస్తుంది, పక్కన పెడితే తొడలు, పిరుదులు చేస్తాయి.

ఈ మూడు వారాల్లో రాయదగ్గ గొడవ ఏమీ లేదు.

వారం 7: భుజం

తల మీదికి బాటిళ్లు ఎత్తడం మొదలుపెట్టిన రెండో పూటకే కుడి భుజంలో నొప్పి, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయారు. అరవై దాటినవాళ్ల భుజాల్లో రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టుకునే) టెండన్లు కొంత పీచుపీచుగా అవడం మామూలు సంగతి, ఏ ఇబ్బందీ లేనివాళ్లలో కూడా. దానికి తోడు వీపు పై భాగం గూనిగా బిగుసుకుని ఉంటే చెయ్యి నిలువుగా పైకి పోదు, పోనప్పుడు నడుం వెనక్కి వంచి పైకి పోయినట్టు కనిపించేలా చేస్తారు. పెద్దాయన గోడకు వీపు ఆనించి చేతులు లేపితే బొటనవేళ్లు గోడను తాకలేదు. ఇది ముందే చూడాల్సింది.

తల మీద ఎత్తడం తీసేశాం, పూర్తిగా. బదులు ఏటవాలుగా పైకి నెట్టడం: బ్యాండ్‌ను వెనక నడుం ఎత్తులో కట్టి, కళ్లకు కాస్త పైకి నెట్టాలి. లాగే పని నెట్టే పనికి రెట్టింపు: నెట్టడం 2 దఫాలయితే లాగడం 4. పడుకునే ముందు చుట్టిన తువ్వాలు వెన్ను కింద అడ్డంగా పెట్టుకుని మూడు నిమిషాలు. మూడు వారాల్లో రాత్రి నొప్పి పోయింది. బొటనవేళ్లు గోడను తాకింది మాత్రం పదహారో వారంలో.

వారం 8: తగ్గింపు వారం

దఫాలు సగానికి, బరువు అలాగే. శుక్రవారం కుర్చీ పరీక్ష: 14. అయిదుసార్లు 10.6 సెకన్లు. ఇందులో కండ ఎంత, నరాల అలవాటు ఎంత అంటే ఎక్కువ రెండోదే. తొడ చుట్టుకొలత అర సెంటీమీటరు కూడా మారలేదు, టేపుతో కొలవడంలో వచ్చే తప్పే అంతకంటే ఎక్కువ.

తిండి

ఇది రెండో వారంలోనే మొదలైంది, ఇక్కడ ఒకచోట రాస్తున్నాం. వయసు మళ్లిన కండ అదే ప్రొటీన్‌కు మునుపటంతగా స్పందించదు. అందుకే పెద్దలకు కిలో ఒంటి బరువుకు రోజుకు 1.0 నుంచి 1.2 గ్రాములు అవసరమని 2013లో ప్రోట్-ఏజ్ నిపుణుల బృందం చెప్పింది, మామూలు 0.8 చాలదని. 71 కిలోలకు 1.2 అంటే 85 గ్రాములు. మూడు పూటలకు పంచితే పూటకు 28.

నాలుగు రోజులు రాసి చూస్తే పెద్దాయన తింటున్నది 52 గ్రాములు, అందులో ఉదయం 7. మొత్తం తక్కువన్నది ఒక లోపమైతే, ఉదయపు పూట ఖాళీగా పోవడం ఇంకో లోపం. గుడ్డుకు 6 గ్రాములు, 250 మి.లీ. పాలకు 8, వంద గ్రాముల వండిన కోడిమాంసానికి 30 దాకా, గట్టిగా వండిన పప్పు 200 గ్రాములకు 14 నుంచి 18. రెండు గుడ్లు, గ్లాసు పాలు, పిడికెడు వేరుశనగ గింజలతో ఉదయం పూట 27కు చేరింది. మార్పు అంతే, మిగతా తిండి జోలికి పోలేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఈ లెక్క సొంతంగా పెట్టుకోకూడదు, వాళ్లకు హద్దు డాక్టరు గీయాలి.

క్రియేటిన్ (కండకు శక్తి అందించే పొడి) రోజుకు 3 గ్రాములు, నాలుగో వారం నుంచి. మోతాదు దండిగా వేసి "నింపడం" అక్కర్లేదు, మూడు నాలుగు వారాల్లో అదే నిండుతుంది. దీనివల్ల రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూసే అంకె) కొంచెం పెరిగి కనిపిస్తుంది, మూత్రపిండం చెడకపోయినా. పరీక్ష రాసే డాక్టరుకు ముందే చెప్పకపోతే అనవసరపు కంగారు.

వారం 9–12: వేగం

వయసుతో పోయేవాటిలో కండ పరిమాణం నెమ్మదిగా పోతుంది, బలం దానికంటే వేగంగా, వేగంగా బలం చూపే శక్తి అన్నిటికంటే ముందు. త్వరగా ముడుచుకునే కండపోగులు మొదట సన్నబడటమే కారణం. తడబడిన కాలు పడిపోకముందే ముందుకు రావాలంటే కావలసింది ఆ పోగులే. ఎంత బరువు లేపగలరన్నది అక్కడ అక్కరకు రాదు, అర సెకనులో కాలు వచ్చిందా లేదా అన్నదే లెక్క.

సోమవారం బరువు రోజు, గురువారం వేగం రోజుగా విడదీశాం. వేగం రోజున సంచిలో బరువు సగమే. మూడు లెక్కల్లో దిగి, ఒక క్షణం ఆగి, వీలైనంత వేగంగా లేవాలి. 5 సార్లు చొప్పున 5 దఫాలు, మధ్యలో 90 సెకన్లు. అలసటతో వేగం తగ్గిన సారి లెక్కలోకి రాదు, దఫా అక్కడే ఆగాలి. మగవాళ్లకు ఇది నచ్చదు, ఒళ్లు నొప్పి పుట్టకపోతే పని జరగలేదనుకుంటారు. ఫోనులో వీడియో తీసి మొదటి దఫా, అయిదో దఫా పక్కపక్కన చూపిస్తే ఒప్పుకున్నారు.

టేబులు దండీలు కూడా అంతే: నెమ్మదిగా దిగడం, గట్టిగా నెట్టడం. చేతులు టేబులు వదలకూడదు.

పన్నెండో వారం బరువులు: సంచి 11 కిలోలు, క్యాన్లు చేతికి 12, పీట 15 సెం.మీ., ఈసారి నొప్పి లేకుండా.

వారం 13: ఆగిన తొమ్మిది రోజులు

మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం. డాక్టరు సిప్రోఫ్లోక్సాసిన్ రాశారు.

రెండు సంగతులు. ఒకటి, పడక. 2007లో జామాలో వచ్చిన ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పది రోజులు మంచం మీదే ఉంటే కాళ్ల కండ దాదాపు ఒక కిలో పోయింది. కాబట్టి జ్వరం 100 లోపుకు దిగిన రోజు నుంచి గంటకోసారి మంచం దిగి అయిదుసార్లు కుర్చీలోంచి లేవడం. వ్యాయామం అని పేరు పెట్టనక్కర్లేని మోతాదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఫ్లోరోక్వినోలోన్ జాతి యాంటీబయాటిక్‌లు (సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ వగైరా) టెండన్‌ను బలహీనపరచవచ్చు, ఎక్కువగా మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్‌ను. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో వీటి మీద నల్లగీతల పెట్టెలో అచ్చువేసే తీవ్ర హెచ్చరిక పెట్టించింది. మందు ఆపేసిన కొన్ని నెలలకు కూడా టెండన్ తెగిన సందర్భాలున్నాయి. ప్రొస్టేటు వయసు మగవాళ్లకు మూత్రపు ఇన్ఫెక్షన్లు వస్తుంటాయి కాబట్టి ఈ మందు ఎదురుపడటం అరుదు కాదు. మందు సొంతంగా మానేయడం తప్పు. వ్యాయామం చేస్తున్నామని డాక్టరుకు చెప్పడం, మడమ వెనక నొప్పో వాపో కనిపిస్తే వెంటనే చెప్పడం ఒప్పు.

పద్నాలుగో వారం నుంచి చిన్న గెంతులు మొదలుపెట్టాలని రాసుకున్నాం. కొట్టేశాం.

వారం 14–15: తిరిగి రావడం

పన్నెండో వారపు బరువులో 60 శాతం, దఫా ఒకటి తక్కువ. సంచి 7, క్యాన్లు 7. మొదటి పూట తేలిగ్గా అనిపించింది, అనిపిస్తుంది కూడా: బలం పెద్దగా పోదు, ఓర్పు పోతుంది, టెండన్ మెత్తబడుతుంది. పెంచమని పెద్దాయన అడిగారు, పెంచలేదు. రెండో వారం 80 శాతం. మడమలు లేపడం మాత్రం కదలకుండా నిలబడే రకానికి మార్చాం: రెండు కాళ్ల మీద మడమలు సగం ఎత్తి 30 సెకన్లు, 4 సార్లు.

వారం 16–20: నేల, ఒంటికాలు

కింద పడితే లేవలేకపోవడం పడటం కంటే పెద్ద ప్రమాదం కావచ్చు. వారానికి రెండుసార్లు నేలమీంచి లేచే సాధన. వరుస ఇది: పక్కకు దొర్లాలి, మోచేతి మీద లేవాలి, నాలుగు కాళ్ల భంగిమకు రావాలి, పాకుతూ కుర్చీ దగ్గరికి వెళ్లాలి, రెండు చేతులు కుర్చీ మీద, బలమైన కాలి పాదం ముందుకు పెట్టి నెట్టుకుని లేచి, తిరిగి కుర్చీలో కూర్చోవాలి. అక్కడ ఒక నిమిషం ఆగాలి. టామ్సులోసిన్, బీపీ మందు రెండూ ఉన్నప్పుడు ఈ నిమిషం తప్పించకూడదు. రెండో పూటలో తప్పించారు, కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. తర్వాత తప్పించలేదు. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి ఉండాలి, లేకపోతే నొప్పికి భయపడి సాధన మానేస్తారు.

ఒంటికాలి మీద నిలబడటం గది మూలలో చేయించాం, రెండు వైపులా గోడ, ముందు కుర్చీ. 2022లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 51 నుంచి 75 ఏళ్ల 1,702 మంది మీద వచ్చిన పరిశీలనలో 10 సెకన్లు అలా నిలబడలేనివాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువ కనిపించాయి. కొంగలా నిలబడటం నేర్చుకుంటే ఆయుష్షు పెరుగుతుందని కాదు. ఒళ్లు మొత్తం ఏ స్థితిలో ఉందో ఆ పది సెకన్లు చెబుతాయి, అంతే. ఎడమ కాలు పదిహేడో వారంలో 10 దాటింది. నిలబడే కాలి బొటనవేలిని నేలకు అదిమి పట్టమనడం ఎక్కువ పనిచేసింది. కళ్లు మూసుకోవడం ఇప్పుడే వద్దు. బదులు తల అటూ ఇటూ తిప్పుతూ నిలబడటం, నిజంగా పడిపోయే సందర్భాలకు అదే దగ్గర.

ఒక చేతిలోనే క్యాను పట్టుకుని నడవడం కూడా ఇక్కడే చేర్చాం: 10 కిలోలు, 20 మీటర్లు, పక్కకు 3. బరువు లేని వైపు నడుం కండలు పనిచేస్తాయి. భుజం బరువు వైపు వంగితే బరువు ఎక్కువైనట్టు.

నిద్ర: రాత్రి మూడుసార్లు మూత్రానికి లేస్తున్నారు, దాంతో గురువారాలు నీరసంగా నడిచాయి. నీళ్ల మొత్తం తగ్గించకుండా, పడుకునే ముందు మూడు గంటలు తగ్గించి, అవి పగటికి జరిపాం. మూడుసార్లు ఒకటి, రెండుకి దిగింది. గురువారపు మిగులు గడిలో అంకె కూడా లేచింది.

వారం 21–23

సంచి 16. క్యాన్లు చేతికి 17. పీట 20 సెం.మీ. కుడి కాలితో, 15 ఎడమతో. తేడా ఉంచేశాం, సమానం చేయాలని తొందరపడలేదు. ఇరవై రెండో వారం చలిగా ఉన్న ఉదయం వేడెక్కకుండా మొదలుపెట్టి నడుం పట్టేసింది. రెండు రోజులు నడక, తుంటి మడవడం ఖాళీ చేతులతో, మూడో రోజుకి సర్దుకుంది. ఎత్తే పనులు నిద్ర లేచిన గంట తర్వాతే అని పుస్తకం మొదటి పేజీలో రాశాం: రాత్రంతా నడుం డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, లేచిన కొత్తలో వంగుడు వాటికి భారం.

వారం 24: కొలతలు

అదే కుర్చీ, అదే టేపు గుర్తు, అదే ఉదయం 10 గంటలు.

30 సెకన్ల కుర్చీ 17 (మొదట 11). అయిదుసార్లు 8.6 సెకన్లు (13.2). పట్టు 32 కిలోలు (29). ఆరు మీటర్లు 4.8 సెకన్లు (5.6). ఒంటికాలు కుడి 30 దగ్గర ఆపేశాం, ఎడమ 19. బరువు 71.4, నడుము 92. మోకాలు మెట్ల మీద 0 నుంచి 1. పడుకుని లేచిన బీపీ 132/80, 122/77.

పట్టు తక్కువ పెరిగింది. క్యాన్ల పిడికి గుడ్డ చుట్టి వాడటం వేళ్లకు హాయి ఇచ్చింది కానీ పట్టుకు పని తగ్గించింది. కొలత రోజు దాకా ఇది తట్టలేదు.

వారం 25, సోమవారం

క్యాన్లు 12 కిలోలకు దించాం, పిడి గుడ్డ తీసేశాం. ప్రతి పనీ ఎడమ కాలితో మొదలు, కుడి కాలు ఎడమ చేసినన్ని సార్లే. సిప్రోఫ్లోక్సాసిన్ ముగిసి పదకొండు వారాలు. గెంతులు ఇంకా లేవు, మడమలు లేపడం మాత్రం ఒంటికాలి మీదికి మారింది, గోడ పట్టుకుని, 6 చొప్పున 2. మర్నాటి నొప్పి గడి ఖాళీగా ఉంది, రేపు ఉదయం నింపాలి.